ఐసు ఫ్యాక్టరీ ఆయన అభిప్రాయం

కుట్టు కొట్టు, ముందు గది
శుక్రవారం పొద్దున్న

నా బంగారు బొత్తాం,

నాన్న దీవెనలు నీకు బుట్టలకొద్దీ. అక్షరాలు వంకరపోతున్నాయని కంగారుపడకు. అంతా సంతోషంవల్లే. నిన్నటినుంచీ నా కాలు నేల మీద నిలవడం లేదురా!

టీవీని గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టాను. వీధి వీధంతా కొట్టులోనే. స్టూళ్ళు చాలక కొందరు కుట్టు మిషన్ల మీద ఎక్కి కూర్చున్నారు, నేను ఏమీ అనలేదు. ‘కలప డిపో’ అని పెద్దక్షరాలు పడ్డాయి. తరవాత ‘కథ, మాటలు’ అని నీ పేరు. ఒక్క క్షణమే ఉంది. నేను ఎంత గట్టిగా చప్పట్లు కొట్టానంటే మొదటి డైలాగు ఎవరికీ వినపడలేదట. సెలూన్ అతను కోప్పడ్డాడు. కోప్పడనీ. నా కొడుకు పేరది, నా చప్పట్లు నా ఇష్టం.

నువ్వు ఎవరేమన్నారో దాచకుండా రాయమన్నావు కదా. రాస్తున్నాను. సెలూన్ అతను: "పెద్దాడి మీసం అతికించింది మాస్టారూ, ఎడమ పక్క లేస్తోంది." హెడ్మిస్ట్రెస్ అమ్మగారు: "అన్నదమ్ములు పోట్లాడుకోవచ్చు, కానీ తమ్ముడు అన్నని ఒరేయ్ అనడమేమిటి? మీ అబ్బాయికి నేను చెప్పిన చదువు ఇదేనా?" మందుల షాపాయన: "డిపోలో అంత కలప ఉంది, ఒక్క చీమైనా కనిపించదే?" పక్కింటి పిన్ని మాత్రం "బాగుంది బాబూ, చాలా బాగుంది" అంటూ ఆవలించింది. ఆ మాటని తిరగేసి ఇస్త్రీ చెయ్యాల్సిందే! గుర్తుందా? కొట్టులో కస్టమరు ముందు నేను "రేపటికల్లా బట్టలు రెడీ" అని, నీ వైపు తిరిగి "బాబూ, తిరగేసి ఇస్త్రీ చెయ్యి" అంటే, ఇంతసేపూ నేను అన్నదంతా తలకిందులని నీకు తెలిసిపోయేది. నువ్వు నవ్వాపుకోలేక గుడ్డల వెనక దాక్కునేవాడివి. ఇన్నేళ్ళయినా ఆ కిటుకు మనిద్దరికే తెలుసు.

అందరూ పోయాక ఒక్కాయన మిగిలారు. ఐసు ఫ్యాక్టరీ ఆయన. నువ్వు నమ్మవు, ఆయన ఎవరింటికీ పోయే మనిషి కాదు. గుమ్మంలోనే నిలబడి చూశారట, కూర్చోలేదు. "మాస్టారూ, ఈ కథ మీ అబ్బాయికి ఎవరు చెప్పారు?" అని అడిగారు. చూశావా, అంతమందిలో కథ గురించి అడిగింది ఆయనొక్కడే! నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "ఇంకెవరు చెబుతారండీ? నేనే! వాడికి తెలిసిన కథలన్నీ నా నోట్లోంచి ఊడిపడ్డవే" అన్నాను. కొంచెం ఎక్కువే అన్నానేమో. కానీ కన్నతండ్రిని, ఆ మాత్రం వాటా నాకు లేదా?

ఆయన చాలాసేపు నన్నే చూసి, "మళ్ళీ వారం వస్తాను" అని వెళ్ళారు.

వేళకి తిను. కంటికి మసక ఎక్కువైంది, అయినా నీ పేరు మాత్రం చదవగలిగాను.

నాన్న

*

స్టూడియో వెనక గది
మంగళవారం

టైలరు మాస్టారికి బొత్తాం దణ్ణాలు,

నాన్నా, నీ ఉత్తరం యూనిట్ అంతటికీ చదివి వినిపించాను. మీసం మాట వినగానే మేకప్ ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఈ వారం కొత్త జిగురు తెప్పించారు. ఒక ప్రేక్షకుడి అభిప్రాయానికి ఇంత విలువ ఇవ్వడం ఇక్కడ ఇదే మొదటిసారి అన్నారు.

కానీ కథ నువ్వు చెప్పావా? ఎప్పుడు చెప్పావు మహానుభావా? నాకు తెలిసి నువ్వు నాకు చెప్పిన కథలన్నిట్లోనూ రాజుగారికి చొక్కా కుట్టిన దర్జీయే హీరో. సరేలే, సగం పేరు నీకే రాసిచ్చేస్తాను.

నిజం చెప్పనా? అన్నదమ్ములు నడివీధిలో అరుచుకోవడం ఒక్కటే నేను మన ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర తీసుకున్నది. చిన్నప్పుడు మన కొట్టు మెట్ల మీద కూర్చుని వినేవాణ్ణి కదా. అందుకే ఆయనకి కొట్టొచ్చినట్టు కనపడి ఉంటుంది. నొచ్చుకున్నాడేమో, నా తరఫున నాలుగు మంచి మాటలు చెప్పు. మిగతాదంతా నా బుర్రలో పుట్టిందే. ఎవరికీ చెప్పనంటే నీకొక్కడికే చెబుతాను: మూడో భాగంలో పెద్దాడు చిన్నాణ్ణి చంపేస్తాడు. చంపి, దూరదేశం పోయాడని ఊరందరికీ చెబుతాడు.

అన్నట్టు, ఆ చిన్నాయన ఓడ మీద పనికి పోయాడన్నారు కదా. ఎప్పుడైనా వచ్చాడా? ఉత్తరమైనా రాశాడా?

కంటి ఆపరేషన్ వాయిదా వెయ్యకు. అక్కని పిలిపించుకో.

నీ బొత్తాం

*

కుట్టు కొట్టు, ముందు గది
శనివారం

బంగారు బొత్తాం,

ఏం రాశావురా! మూడో భాగం చూసి గదిలో ఒక్కరూ ఊపిరి తియ్యలేదు. దుంగలు దొర్లి చిన్నాడి మీద పడుతుంటే పిన్ని నా భుజం గిల్లేసింది, ఇంకా కమిలి ఉంది. ఈసారి ఆవలింత లేదు! హెడ్మిస్ట్రెస్ అమ్మగారు కళ్ళద్దాలు తుడుచుకుని "ఒరేయ్ అన్నందుకు క్షమించేశానని రాయండి" అన్నారు. సెలూన్ అతను ఆ రాత్రి ఇంటికి ఒంటరిగా పోనని మందుల షాపాయన చెయ్యి పట్టుకుని పోయాడు. అంత మీసం ఉన్న మనిషి!

ఇప్పుడు అసలైన అభిప్రాయం విను. ఐసు ఫ్యాక్టరీ ఆయన ఈసారి ముందు వరసలో కూర్చున్నారు. దగ్గరికి వస్తే చాలు, ముక్కుపుటాలు మండే ఆ అమోనియా వాసన, పాపం ఎన్నిసార్లు స్నానం చేసినా పోదట. అందరూ పోయాక నాతో అన్నారు: "మీ అబ్బాయి రెండు చోట్ల తప్పు రాశాడు మాస్టారూ. ఒకటి, శవాన్ని నదిలో వేస్తే తేలుతుంది. మూడోనాటికి ఊరంతా చూస్తుంది. ఆ మాత్రం తెలివి పెద్దాడికి ఉండదా? రెండోది, చిన్నాడు ‘అన్నయ్యా’ అని అరిచాడు. అరవడు. ఆ సమయంలో అమ్మనే పిలుస్తాడు. రెండుసార్లు పిలుస్తాడు. తరవాత గొంతు రాదు."

చూశావా ఎంత లోతుగా చూస్తున్నారో! ఇలాంటి ప్రేక్షకుడు ఒక్కడుంటే చాలదూ? నేను "అద్భుతమండీ, వెంటనే మావాడికి రాస్తాను" అన్నాను. "రాయండి, ఏమంటాడో నాకూ చెప్పండి" అన్నారు.

వారానికోసారి కాదు, ఇప్పుడు రోజూ వస్తున్నారు. ఆయనకి ఎంతసేపూ నీ కథే. "ఇంకా ఏమేం చెప్పారు మీ అబ్బాయికి? పెద్దాడు పట్టుబడతాడా? ఎలా పట్టుబడతాడు?" అని ఒకటే అడగడం. నీకిచ్చిన మాట తప్పలేదు, ఒక్క ముక్క బయటపెట్టలేదు. ఊరికే ఊరించాను. "అంతా నా కళ్ళతో చూసినట్టు చెప్పానండీ వాడికి. చివర్లో చూడండి తమాషా!" అన్నాను. ఆయన టీ గ్లాసు కిందపెట్టేశారు. తాగనేలేదు. అంత ఉత్కంఠ!

వాళ్ళ తమ్ముడి సంగతి అడిగావు. అడిగాను. ఉత్తరం లేదు, పత్తరం లేదు. "వాడికి కోపం ఎక్కువ మాస్టారూ, చల్లారడానికి టైము పడుతుంది" అన్నారు. అని తనే నవ్వారు.

ఎల్లుండి నా కంటి ఆపరేషన్. అక్కని పిలవొద్దులే, దానికి పిల్లల పరీక్షలు. ఐసు ఫ్యాక్టరీ ఆయనే తన వ్యానులో తీసుకెళతానన్నారు. కట్టు విప్పేదాకా నీ ఉత్తరాలు చదివిపెట్టడం, నేను చెప్పింది రాసిపెట్టడం అన్నీ తనే చూసుకుంటారట. నీ సీరియల్ పుణ్యమా అని నాకో స్నేహితుడు దొరికాడు!

నాన్న

*

స్టూడియో వెనక గది
గురువారం

నాన్నా,

కట్టు లేని కంటితో కూడబలుక్కునైనా ఇది నువ్వొక్కడివే చదువు. చదివి చింపెయ్యి.

నువ్వు రాసిన మాటలే మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, చూడు. అమ్మనే పిలుస్తాడు. రెండుసార్లు పిలుస్తాడు. తరవాత గొంతు రాదు. ఇది సీరియల్ చూసి చెప్పే మాటా నాన్నా? ఎవరో పక్కన నిలబడి విన్న మాట ఇది.

నేను ఉత్తి ఊహతో రాశాను. ఒట్టు. దూరదేశం పోయాడని చెప్పించడం కూడా, కథకి ఎలా బాగుంటుందా అని ఆలోచించి రాసిందే. అది ఆయన ఇంట్లో నిజంగా జరిగిందని నాకేం తెలుసు? నేను చీకట్లో రాయి విసిరాను, అది ఎవరికో తగిలింది. తగిలినవాడు వచ్చి, రాయి విసిరిందెవరని నిన్ను అడుగుతున్నాడు. నువ్వేమో నేనే, నేనే అంటున్నావు!

దయచేసి ఈ గొప్పలు ఆపు. ఆయనతో ఇలా చెప్పు: నాకేమీ తెలియదు, కథ మావాడిది, నేను ఉబలాటం కొద్దీ అన్నాను అని. ఇక ఆయన వ్యాను ఎక్కకు. ఈపాటికి ఆపరేషన్ అయిపోయే ఉంటుంది, వెంటనే పిన్నిని తోడు తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళిపో.

మన వీధిలో ఫోను ఉన్నది ఐసు ఫ్యాక్టరీలో ఒక్కచోటే కదా. ఉండబట్టలేక నిన్న మధ్యాహ్నం చేశాను. ఆయనే ఎత్తాడు. వెనక మిషన్ల హోరు. "నాన్నగారు నిద్రపోతున్నారు, లేపమంటారా?" అన్నాడు. నువ్వు నిద్రపోతున్న సంగతి ఆయనకెలా తెలుసు? నువ్వు ఎక్కడ నిద్రపోతున్నావు నాన్నా? ఆయనే మెల్లగా, "ముగింపు నాకొక్కడికి చెప్పండి బాబూ, ఎవరికీ చెప్పను" అన్నాడు.

ఇక్కడి పోలీసు స్టేషన్‌కి వెళ్ళాను. సీరియల్ రాసేవాణ్ణని చెప్పగానే అక్కడి స్టేషన్ రైటరు పక్కవాడికి కన్ను గీటాడు. ఇంకోచోట ప్రయత్నిస్తాను.

నువ్వు బయలుదేరినట్టు ఒక్క ముక్క రాయి. నేను ఇక్కడ అన్నం కూడా తినలేకపోతున్నాను.

బొత్తాం

*

కుట్టు కొట్టు, ముందు గది
ఆదివారం

ప్రియమైన కుమారుడికి,

ఈ గుండ్రటి అక్షరాలు చూసి కంగారుపడకు. మాటలు నావి, చేతిరాత ఐసు ఫ్యాక్టరీ ఆయనది. ఆపరేషన్ బాగా జరిగింది. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పటినుంచో మసకే కాబట్టి ఇప్పుడు అంతా పొగమంచే. అన్నీ ఆయనే చూసుకుంటున్నారు. చుక్కల మందు వేళకి వేస్తున్నారు. రెండ్రోజులు ఫ్యాక్టరీ పక్క గదిలోనే మంచం వేసి పడుకోబెట్టారు. నేల మీద చెయ్యి పెడితే ఐసు మిషన్ అదురు తెలిసేది.

నీ ఉత్తరం ఆయనే చదివి వినిపించారు. నువ్వు ఆయన అభిప్రాయాలకి అంత పొంగిపోయావని విని నాకు కడుపు నిండింది. ‘నాన్నని మీ చేతుల్లో పెట్టాను, ఇక నాకు దిగుల్లేదు’ అని నువ్వు రాసిన చోట ఆయన గొంతు కూడా మారిపోయింది. నన్ను అక్క దగ్గరికి పంపొద్దనీ, ఆవిడకి ఇబ్బంది అవుతుందనీ రాశావట, అది నిజమే. ఎక్కడికీ పోను.

నాలుగో భాగానికి కూడా జనం బాగా వచ్చారు. నాకు కనపడలేదు కానీ అందరి ఊపిరీ వినపడింది. పెద్దాడు తమ్ముడి చెప్పులు కాలుస్తుంటే పిన్ని "ఆ పాడు కమురు వాసన నాకే కొట్టింది" అంది.

నాన్న

బాబుగారికి నమస్కారం. పై ఉత్తరం మాస్టారు చెప్పినట్టే రాశాను. ఒక ప్రేక్షకుడిగా నాదొక మనవి. చిన్నాడు చచ్చిపోలేదని, బతికే ఉన్నాడని, ఒకరోజు తిరిగి వస్తాడని పెడితే బాగుంటుంది. చూసేవాళ్ళు నిశ్చింతగా పడుకుంటారు. మాస్టారికి ఈ వయసులో నిశ్చింత చాలా అవసరమని డాక్టరుగారు కూడా అన్నారు. నేను దగ్గరుండి చూసుకుంటున్నాను. ఒక్క క్షణం కూడా వదలడం లేదు.

*

స్టూడియో వెనక గది
బుధవారం

నాన్నగారికి, అలాగే ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న పెద్దలకి నమస్కారాలు.

మీ ఇద్దరి ఉత్తరం అందింది. పెద్దలు చెప్పిన మనవి చాలా బాగుంది. నాకెందుకు తట్టలేదా అనిపించింది. డైరెక్టరుగారు మొదట ఒప్పుకోలేదు, కథ చచ్చిపోతుందన్నారు. కథ చస్తే చచ్చిందని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఈ వారంలోనే చిన్నాడు బతికి ఉన్నట్టు తెలుస్తుంది. చివరి భాగంలో తిరిగొస్తాడు. ఎవరి మీదా ఏ నేరమూ ఉండదు.

ఇంకొక్క సంగతి. నాన్నకి గొప్పలు చెప్పుకోవడం అలవాటు. ఆయన నాకు ఏ కథా చెప్పలేదు. ఆయనకి ఏమీ తెలియదు. అందులో ప్రతి మాటా నేను ఒంటరిగా అల్లుకున్నదే. ఎవరికి ఏం అడగాలని ఉన్నా నన్ను అడగాలి. నా అడ్రసు ఈ కవరు మీద ఉంది. నేను ఎక్కడికీ పారిపోను.

నాన్న కంట్లో చుక్కలు వేళకి వేస్తున్నందుకు మీకు రుణపడి ఉంటాను.

ఇట్లు, రచయిత

*

కుట్టు కొట్టు, ముందు గది
సోమవారం

ప్రియమైన కుమారుడికి,

నాన్న చెబుతున్నాడు, స్నేహితుడు రాస్తున్నారు.

అయిదో భాగం చూశాం. అబద్ధం చెప్పను, జనం తిట్టిపోశారు. దుంగల కింద నలిగి నదిలో పడ్డవాడు ఒడ్డున మంచినీళ్ళు అడుగుతూ లేచి కూర్చుంటే సెలూన్ అతను పగలబడి నవ్వాడు. "దుంగలు కావు మాస్టారూ, దూది మూటలు" అన్నాడు. మందుల షాపాయన, ఆ మందేదో చెబితే తనూ అమ్ముకుంటానన్నాడు. హెడ్మిస్ట్రెస్ అమ్మగారు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు, ఆవిడ అలా వెళ్ళడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వచ్చే వారంతో ఆపేస్తున్నారని పేపర్లో వేశారట, పిన్ని చదివి చెప్పింది. నీ మొదటి సీరియల్ రా ఇది.

అయినా ఒకరికి నచ్చింది. రాస్తున్నాయనకి.

చివరి భాగానికి ఇంకెవరూ రామన్నారు. మేమిద్దరమే చూస్తాం. నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఈయనంత మంచివాణ్ణి నా జన్మలో చూడలేదు. రాత్రిళ్ళు నాకు కమ్మగా నిద్ర పడుతోంది. ఏ దిగులూ, ఏ భయమూ లేవు. కాబట్టి నువ్వు రావొద్దు. చివరి భాగం రోజున అసలే రావొద్దు. వచ్చినా ఒక్కడివే రా, ఎవర్నీ వెంటబెట్టుకుని రాకు.

నీ నల్ల కోటు బీరువాలో ఉంటే పార్శిల్ చేయిస్తున్నాను. నల్ల గుడ్డ కదా, మెరుపెక్కి పాడైపోతుంది. బాబూ, తిరగేసి ఇస్త్రీ చెయ్యి.

నాన్న

*

స్టూడియో వెనక గది
శుక్రవారం

నాన్నా,

కోటు అందింది. నువ్వు చెప్పినట్టే తిరగేసి ఇస్త్రీ చేశాను, ఒక్క మడత కూడా వదల్లేదు.

చివరి భాగం రోజు నాకు ఇక్కడే పని, కదలలేను. తోడు వచ్చేవాళ్ళూ ఎవరూ లేరు. మీరిద్దరే హాయిగా చూడండి. తలుపు గడియ మాత్రం గట్టిగా పెట్టుకోండి.

బొత్తాం

*

అక్క ఇల్లు, మేడ మీద గది
పొద్దున్న

నా బంగారు బొత్తాం,

ఇది నా చేతిరాతే! వరసలు కొండెక్కి దిగుతున్నాయి, అయినా నావే. కట్టు విప్పారు. మొట్టమొదట చూసింది అక్క మొహం. ముసలిదైపోయిందే అన్నాను, రెండ్రోజులు మాట్లాడలేదు.

నువ్వు ఇంకా అక్కడే ఉండి వాంగ్మూలాలూ అవీ ఇస్తున్నావని బావ చెప్పాడు. ఫ్యాక్టరీలో పూడ్చేసిన పాత ఐసు తొట్టి పగలగొడుతున్నారట కదా. నువ్వు అక్కడ నిలబడకు. చూడకు. చివరి క్షణంలో అమ్మని పిలిచిన మనిషి ఆ చిన్నాయన, ఎవరో ఒకరు తలవంచుకుని ఉంటే చాలు.

నువ్వు తలుపు తోసుకుని వచ్చేముందు ఏం జరిగిందో పోలీసులకి సగమే చెప్పాను. మిగతాది నీకు చెప్పాలి.

కంటికి కట్టు కట్టాక నీ రెండో ఉత్తరం వచ్చినప్పుడు కవరు ముందు నా చేతికే ఇచ్చాడు పోస్ట్‌మ్యాన్. వేళ్ళతో తడిమాను. లోపల రెండు కాగితాలు. గుడ్డ ఎన్ని మడతలో చూడకుండా చెప్పగల వేళ్ళురా ఇవి. అతను చదివింది మాత్రం నాలుగు వాక్యాలు. ఏదో దాస్తున్నాడనగానే ‘అమ్మనే పిలుస్తాడు’ అన్న ఆ మాట గుర్తొచ్చి, అప్పుడు తెలిసింది నాకు. అంతకుముందు ఎంత ఆనందంలో ఉన్నానంటే, పక్కన పాము పడుకున్నా దుప్పటి కప్పేవాణ్ణి.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో అడగకు. అతను చుక్కల మందు వెయ్యడానికి నా గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచేవాడు. కన్ను తెరవండి మాస్టారూ అనేవాడు. తెరిచేవాణ్ణి. సీసాలో ఏముందో నాకేం తెలుసు? ఆ చల్లటి వేళ్ళు గడ్డం కింద తగిలినప్పుడల్లా ఇక ఇదే ఆఖరు అనుకునేవాణ్ణి. అయినా నవ్వుతూ నీ సీరియల్ గురించి మాట్లాడేవాణ్ణి, ఆపితే అతనికి అనుమానం వస్తుందని.

చివరి రోజు గదిలో ఇద్దరమే. అన్ని స్టూళ్ళూ ఖాళీ. గడియ నేనే పెడతానని లేచి, చప్పుడు చేసి, పెట్టకుండా వచ్చాను. తెర మీద చిన్నాడు బస్సు దిగాడు. డిపో గేటు దగ్గర ‘అన్నయ్యా’ అని పిలిచాడు. పక్కన కుర్చీ కిర్రుమంది. అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు.

"వాడు రాడు మాస్టారూ" అన్నాడు. "మీ అబ్బాయి ఎంత రాసినా వాడు రాడు."

టీవీ కట్టేశాడు. ఆ చీకట్లో అతని ఊపిరి ఒక్కటే. అప్పుడు అడిగాడు: "మీ అబ్బాయేమో మీరు ఏమీ చెప్పలేదంటాడు. మీరేమో అంతా మీరే చెప్పానంటారు. ఎవరి మాట నిజం? ఒక్కటి చెప్పండి. నేను వెళ్ళాల్సింది ఎవరి దగ్గరికి?"

బొత్తాం, నాకు భయం వేసింది. నాకేమీ తెలియదు బాబూ, ఉత్త గొప్పలు, వదిలెయ్ అని నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజం కూడాను. కానీ ఆ నిజం చెబితే అతను నీ అడ్రసు పట్టుకుని బయలుదేరతాడు. కవరు మీద నువ్వే రాసిచ్చావుగా, మొండి వెధవా!

"నేనే చెప్పాను" అన్నాను. "తొలి ముక్క నుంచీ అంతా నేనే. వాడికి బొత్తిగా ఏమీ తెలియదు, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడంతే. వాడంత తెలివితక్కువవాడు మా వంశంలోనే లేడు."

అతను నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో కనపడలేదు. నా పాదం పట్టుకున్నాడు. చెప్పు తొడుగుతున్నాడు. ఒకటి తొడిగి, రెండోది వెతికి తెచ్చి తొడిగాడు, ఎంతో జాగ్రత్తగా, కన్నకొడుకులా. "పదండి మాస్టారూ, ఫ్యాక్టరీకి పోదాం. అబ్బాయికి ఫోను చేసి ముగింపు బాగుందని చెబుదాం" అన్నాడు. నా మోచెయ్యి పట్టుకుని లేవదీశాడు. నాలుగడుగులు వేశాను, ఇన్‌స్పెక్టరుగారిని వెంటబెట్టుకుని నువ్వు వచ్చావు.

ఆ ఇన్‌స్పెక్టరుగారికి నా దణ్ణాలు చెప్పు. నీ సీరియల్ మూడో భాగం దాకా వదలకుండా చూశాడు కాబట్టే నీ మాట నమ్మాడనీ, తరవాత ఎందుకు పాడుచేశావని దారి పొడుగునా తిట్టాడనీ అక్క చెప్పి నవ్వింది. తిట్టనీ.

నాకు ఇంకా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నా ముందు ముక్కుతో వాసన చూస్తున్నాను. నిన్న పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టి అక్క నా మొహం తుడవబోతే కేక పెట్టాను, పిల్లలు జడుసుకున్నారు.

ఇక్కడ వీధి చివర సైకిల్ షాపతను ఒకడున్నాడు. ‘కలప డిపో’ చూశాడట! నేనెవరో తెలియదు. నా ఎదురుగానే ఎవరితోనో అన్నాడు: "మొదట్లో వెన్నులో వణుకు పుట్టించాడయ్యా. చివరికొచ్చేసరికి చేతులెత్తేశాడు. చచ్చినవాణ్ణి ఎవడైనా లేపుతాడా? ఆ రాసినవాడికి అసలు కథ ముగించడమే రాదు."

నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. లేచి, వాడి చొక్కా పట్టుకుని, వాడు మా అబ్బాయిరా, ఎవరికోసం పాడుచేసుకున్నాడో తెలుసా అని వీధంతా వినపడేలా అరవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ వెనక్కి తిరిగి గుమ్మంలో ఎవరైనా నిలబడ్డారేమో అని చూసుకున్నాను.

ఎవరూ లేరు. నోరు మూసుకుని, నవ్వుకుంటూ ఇంటికి వచ్చేశాను.

మీ నాన్న